మీరెవరి తాలూకా?

సామర్లకోటలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. అక్కడ దిగకుండా అలాగే కూర్చుంటే బండి బేగంపేట మీదుగా లింగంపల్లి దాకా తీసుకుపోతుంది. "లింగంపల్లిలో దిగి ఎంఎంటీఎస్ ఎక్కు మావయ్యా. వెనక్కి రెండో స్టేషన్. చందానగర్ తర్వాత హఫీజ్‌పేటే" అన్నాడు మా మేనల్లుడు. అంటే మా రైలు హఫీజ్‌పేట్ ముందు నుంచే వెళ్తుంది, ఆగదు. కిటికీలోంచి ఆ స్టేషన్ బోర్డు చూసి, దాటిపోయి, మళ్లీ ఇంకో రైల్లో వెనక్కి రావాలి. పిఠాపురంలో ఎవరైనా తన ఇల్లు దాటి వెళ్లి వెనక్కొస్తే, పాపం ఏమైందో అనుకుంటారు. హైదరాబాద్‌లో అదే దగ్గరి దారట.

హఫీజ్‌పేట్‌లో దిగినవాళ్లలో నేనొక్కణ్నే మెల్లగా నడిచాను. మిగతావాళ్లందరూ మెడలో ఆఫీసు ట్యాగు, వీపున సంచి, చెవుల్లో ఏవో పెట్టుకుని, స్కూలు గంట కొట్టిన పిల్లల్లా పరిగెత్తారు. నా చేతిలో కాకినాడ కాజా డబ్బా, ఉప్పాడ చీర ఉన్న సంచి. బయట వరసగా నిలబెట్టిన బైకుల మధ్య దారి వెతుక్కుంటుంటే, ఒక బండి వెనక ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి:

"పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా."

ఆగిపోయాను. రాత్రంతా ప్రయాణం చేసి వస్తే మా ఊరి పేరే ఎదురొచ్చింది! ఎవరో తెలిసినవాడేనేమోనని ఆ బండి పక్కనే కాసేపు నిలబడ్డాను. బండి మనిషి రాలేదు. ఈలోపు అలాంటిదే ఇంకొకటి, స్కూటరు మీద, రోడ్డు దాటి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే మా ఊళ్లో కూడా ఒక్క పూటలో ఇన్ని చూడలేదు. ఊళ్లో ఉన్నవాడికి ఆ స్టిక్కరుతో పనేముంది?

తెలియనివాళ్లు తక్కువే గానీ చెబుతాను. 2024 ఎన్నికల్లో పవన్ కల్యాణ్ మా పిఠాపురం నుంచి పోటీ చేశారు. 70,279 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఫలితాలు వచ్చింది జూన్ 4న. ఆ ఫలితాలకు ముందే కుర్రాళ్లు బళ్ల మీద "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని రాయించుకుని తిరిగారు. అవతలి పార్టీవాళ్లు ఊరుకుంటారా? తమ అభ్యర్థి వంగా గీత గారి పేరు మీద "డిప్యూటీ సీఎం గారి తాలూకా" అని మొదలెట్టారు. తీరా చూస్తే గెలిచినాయనే డిప్యూటీ సీఎం కూడా అయ్యారు. అంటే ఓడినవాళ్ల స్టిక్కరు కూడా గెలిచినవాళ్లకే పనికొచ్చింది. చివరికి ఆ మాట 'ఆంధ్ర కింగ్ తాలూకా' అని సినిమా పేరులోకి కూడా ఎక్కింది.

నాకు ఆ మాట మీద ఇంకో మమకారం ఉంది. 1983లో నేను గుమాస్తాగా చేరింది తాలూకా ఆఫీసులో. రెండేళ్లు తిరక్కుండానే, 1985లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తాలూకాలు ఎత్తేసి మండలాలు పెట్టింది. బోర్డు మార్చాం, రబ్బరు స్టాంపులు మార్చాం, పాత కాగితాలు కట్టలు కట్టి అటక మీద పడేశాం. ఇక ఆ మాట పోయిందనుకున్నా. నలభై ఏళ్ల తర్వాత, నేను రిటైరయ్యాక, హఫీజ్‌పేట్ స్టేషన్ బయట ఒక బైకు వెనక మళ్లీ కనబడింది.

ఇక దారి తప్పిన కథ. మేనల్లుడు ఫోనులో ఇలా చెప్పాడు: "స్టేషన్ నుంచి బయటికొచ్చి కుడివైపు నడు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది. దాని మీద గులాబీ స్టిక్కరు ఉంటుంది, కారు బొమ్మ. అక్కడ ఎడమకి తిరుగు." మా ఊళ్లో అయితే దారి చెప్పేటప్పుడు రావిచెట్టు అంటాం, కోవెల అంటాం, పాదగయ గుడి వెనక అంటాం. అవి కదలవు. మొదటి ట్రాన్స్‌ఫార్మర్ మీద గులాబీ స్టిక్కరు ఉంది, కారు బొమ్మ కూడా ఉంది. ఎడమకి తిరిగాను. సందు, ఇంకో సందు, దాని చివర గోడ. వెనక్కొచ్చి ముందుకు నడిస్తే రెండో ట్రాన్స్‌ఫార్మర్. దాని మీదా గులాబీయే. మూడోదాని మీద గులాబీ సగం, దాని మీద కాషాయం సగం. పార్టీలవాళ్లు నా మేనల్లుడి ఇంటి గుర్తు కోసం అంటించరు కదా! ఒక్కరాత్రిలో వీధి మొత్తం అంటించుకుంటూ పోతారు.

మూడో పెట్టె దగ్గర నిలబడి, దారి అడిగే మనిషి దొరికేలోపు, దాన్ని చదవడం మొదలెట్టాను. రెవెన్యూ బుద్ధి ఎక్కడికి పోతుంది? మేం అడంగల్ అంటాం, ఇక్కడివాళ్లు పహాణీ అంటారు. ఏ సంవత్సరంలో ఆ భూమి ఎవరి అనుభవంలో ఉందో చెప్పే కాగితం. ఆ రేకు పెట్టె అచ్చం అలాగే ఉంది. అన్నిటికంటే అడుగున వెలిసిపోయిన 'టీఆర్ఎస్' అక్షరాలు. ఆ పార్టీ 2022 డిసెంబరులో బీఆర్ఎస్ అయింది కాబట్టి అది అంతకు ముందుది. దాని మీద కమలం. కమలం మీద హస్తం. హస్తం బొటనవేలు మీద "బాయ్స్ హాస్టల్, ఏసీ, మూడు పూటలా భోజనం". దాని మీద డేటా సైన్సు కోర్సు. అన్నిటికంటే పైన, తాజాగా, "ఇంటి నుంచే పని, రోజుకు రెండు వేలు". ఇవన్నీ మోస్తున్న పెట్టె మీద సర్కారువారు తెల్ల రంగుతో "పోస్టర్లు అంటించరాదు" అని రాయించారు. 'రాదు' మాత్రం ఇంకా కనబడుతోంది.

మీకు నవ్వు రావచ్చు గానీ, ఇరవై ఏళ్లకు పైగా ఎన్నికల డ్యూటీల్లో నా పని ఇదే. అంటించినవి పీకించడం. ఎన్నికల షెడ్యూలు ప్రకటించిన దగ్గర్నుంచి ప్రభుత్వ ఆఫీసుల మీదవి 24 గంటల్లో, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, కరెంటు స్తంభాల్లాంటి చోట్లవి 48 గంటల్లో, ప్రైవేటు గోడల మీద అనుమతి లేకుండా ఉన్నవి 72 గంటల్లో పోవాలి. బకెట్టు నీళ్లు, కొబ్బరిపీచు పట్టుకుని మా కుర్రాళ్లు తోముతుంటే నేను రిజిస్టరు రాసుకునేవాణ్ని. పోస్టరు కనబడితే దాని అడుగున చీమలంత అక్షరాలు వెతకడం ఇంకా అలవాటే. ప్రింటరు పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షను అది. పెట్టె మీది పార్టీ స్టిక్కర్ల అడుగున ఆ చీమలున్నాయి. బైకుల మీది 'తాలూకా'కు మాత్రం లేవు. నాకు తెలిసి ఏ పార్టీ ఆఫీసూ దాన్ని అచ్చేసి పంచలేదు. ఎవడిది వాడే డబ్బిచ్చి చేయించుకున్నాడు. నాకు నచ్చింది అదే.

మొత్తానికి ఎదురుగా టీ బండి కనబడింది. అద్దం మీద పెద్ద గాజు గ్లాసు బొమ్మ, పవన్ కల్యాణ్ గారి జనసేన గుర్తు. ఆహా, ఇక్కడ మావాడెవడో ఉన్నాడనుకుని, చనువుగా "ఏవండీ, మీరు కూడా పార్టీయేనా?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం పార్టీ సార్?"

"గ్లాసు..."

"గది పార్టీది గాదు సార్. చాయ్ గ్లాసు. చాయ్ అమ్మెటోనికి చాయ్ గ్లాసు బొమ్మ ఉండొద్దా?" అని నవ్వాడు. తర్వాత స్టవ్ మంట తగ్గించి మిగతాది చెప్పాడు. "ఎలక్షన్లల్ల ఒకాయన వచ్చి, మా గుర్తు పెట్టినవ్, మంచిగుంది అని రెండు చాయ్‌లు తాగి పోయిండు. పైసలియ్యలే. ఇంకొకాయన వచ్చి తీసెయ్ అన్నడు. ఆయన గూడ రెండు చాయ్‌లు తాగిండు. ఆయన గూడ ఇయ్యలే."

అంత గ్లాసు బొమ్మ పెట్టుకుని నాకు టీ ఇచ్చింది మాత్రం పేపరు కప్పులో.

2023 నవంబరులో తెలంగాణ ఎన్నికలప్పుడు జనసేన ఇక్కడ బీజేపీతో కలిసి 8 చోట్ల పోటీ చేసింది. అందులో పక్కనే ఉన్న కూకట్‌పల్లి ఒకటి. ఒక్కటీ గెలవలేదు. ఆర్నెల్లు తిరగ్గానే ఆంధ్రాలో పోటీ చేసిన 21కి 21 గెలిచింది. ఇక్కడి రోడ్ల మీద గ్లాసులు ఎక్కువ కనబడుతున్నాయంటే అది ఇక్కడి ఓట్ల లెక్క కాదు, అక్కడి గెలుపు పొంగి ఇక్కడిదాకా వచ్చిందంతే. టీ బండాయనే నాకు దారి చూపించాడు. ఆయన ట్రాన్స్‌ఫార్మర్ ఊసెత్తలేదు. "రేడియం షాపు కాడ ఎడమకి" అన్నాడు.

రేడియం షాపు! మా కాకినాడలో ఉన్న మాటే ఇక్కడా ఉంది. బండి మీద మెరిసే స్టిక్కరు ఏదైనా సరే మనకి రేడియమే. మేడమ్ క్యూరీ వింటే ఏమనుకుంటుందో. షాపు అంటే ఆరడుగుల గది. గోడ నిండా స్టిక్కర్లే. ఒక పక్క శివాజీ, ఒక పక్క నీలిరంగులో 'జై భీమ్', పైన 786, మధ్యలో కోపంగా చూసే హనుమంతుడి ముఖం. కాషాయం, నలుపు రంగుల్లో ఉండే ఈ హనుమంతుణ్ని మీరూ చూసే ఉంటారు. దాన్ని 2015లో గీసింది కేరళ కాసరగోడ్ జిల్లా కుర్రాడు కరణ్ ఆచార్య. ఊళ్లో కుర్రాళ్లు జెండా కోసం బొమ్మ అడిగితే గీసిచ్చాడు. అది దేశమంతా కార్ల వెనకద్దాలు ఎక్కింది. ఎవరో ఒకడు సరదాగా చేసింది, ఎవరూ పంచకుండానే, ఇంతింతై పోవడం ఈ స్టిక్కర్ల స్వభావం కాబోలు.

కొట్టు కుర్రాడిది పాలమూరు. ఎండ తగలని మనిషిలా ఉన్నా మాటలో ఎండ ఉంది.

"ఏది ఎక్కువ పోతుందమ్మా?" అన్నాను.

"దినం బట్టి సార్. సినిమా రిలీజయితే హీరో. పండగొస్తే దేవుడు. ఎలక్షన్లల్ల పార్టీ. రిజల్టు వచ్చినంక రెండు రకాలొస్తరు. గెలిచినోళ్లది అంటించుకునెటోళ్లు, ఓడినోళ్లది గీకించుకునెటోళ్లు."

"గీకడానికి కూడా డబ్బులేనా?"

"అంటించుడు అల్కగ సార్. గీకుడే కష్టం. హెయిర్ డ్రయ్యర్ పెట్టాలె, మెల్లగ లేపాలె, కిరోసిన్ గుడ్డతోని తుడవాలె. లేకపోతే పెయింటు లేస్తది. అంటించుడుకు యాభై, గీకుడుకు వంద."

నేను ఇరవై ఏళ్లు గీకించాను. ఒక్కసారైనా ఈ రేటు తెలిస్తే బాగుండేది.

గోడ మూలన ఇంకో వరస ఉంది. సింహం బొమ్మ, కింద కులం పేరు. రకరకాల కులాలు, సింహం మాత్రం ఒకటే. నేను చూపు తిప్పుకున్నాను. పార్టీ ఓడిపోతే వందిచ్చి గీకించుకోవచ్చు. దీనికి ఆ వెసులుబాటు కూడా లేదు. అయితే ఈ జబ్బుకి హైదరాబాద్‌ని అనే హక్కు నాకు లేదు. మా గోదావరి జిల్లాల బళ్లు ఈ విషయంలో ఎవరికీ తీసిపోవు.

"ఎమ్మెల్యే అని ఒక్కటే రాసి ఇస్తావా?" అని తమాషాకి అడిగాను.

"అమ్మో, వద్దు సార్." చేతులు జోడించాడు. 2022 మార్చిలో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు నల్ల ఫిల్ములు, దొంగ ఎమ్మెల్యే స్టిక్కర్లు, ప్రెస్, పోలీస్ అని రాసుకున్నవీ వరసపెట్టి పీకిన సంగతి చెప్పాడు. నాకు భలే అనిపించింది. 'ఎమ్మెల్యే' అని ఒక్క మాట రాసుకుంటే కేసు. దానికి 'గారి తాలూకా' అని రెండు మాటలు తగిలిస్తే జోకు. అయితే ఆ జోకు నంబరు ప్లేటు మీద ఉంటే చలానా తప్పదు, అది వేరే సంగతి.

నంబరు ప్లేటు అనగానే ఆ కుర్రాడు అసలు కథ ఎత్తుకున్నాడు. వాళ్ల నాన్న కూడా ఈ పనే చేసేవాడట. తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనం బండి తెచ్చి 'ఏపీ' గీకించి 'టీజీ' రాయించుకునేవారు. పోలీసులు జరిమానాలు వేసేవారు, అయినా తగ్గేవారు కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వచ్చిన కోడు టీజీ కాదు, టీఎస్. మళ్లీ గీకుడు. పదేళ్ల తర్వాత ప్రభుత్వం మారింది, 2024 మార్చి 15 నుంచి కొత్త బళ్లకు టీజీ వచ్చింది. పాత టీఎస్ బళ్లు మార్చుకోనక్కర్లేదన్నారు, అయినా కొంతమంది ఊరుకోలేదు. "ఒకటే పెద్దమనిషి సార్. మా నాయిన కాడ టీజీ రాయించిండు, తర్వాత టీఎస్ రాయించిండు, మల్ల నా కాడికి టీజీకి వచ్చిండు. నాయిన రాసిందే ఉంచుకుంటే అయిపోవు గదా అన్న." రెండక్షరాల కోసం ఇన్నేళ్లు కొట్లాడిన ఊరికి మామూలు నంబరు ప్లేటే పార్టీ స్టిక్కరు. ఇప్పుడు కొత్త బళ్లకు తాళం వేసినట్టుండే హై సెక్యూరిటీ ప్లేట్లు వస్తున్నాయి కాబట్టి ఆ రకం గీకుడుకి కాలం చెల్లినట్టే.

మేనల్లుడి అపార్టుమెంటు సెల్లారులోకి దిగితే ఆ చరిత్ర అంతా అక్కడే పార్కు చేసి ఉంది. వాడి పాత బైకు ఏపీ 05, అంటే అప్పటి మా తూర్పుగోదావరి. వాడి కారు టీఎస్ 07. పక్క ఫ్లాటువాళ్ల కొత్త కారు టీజీ 07. మూడు బళ్లూ ఒకే స్తంభానికి ఆనుకుని, ఏ గొడవా లేకుండా దుమ్ము పట్టి ఉన్నాయి.

కారు ముందద్దం మీద ఏమున్నాయో లెక్కపెట్టాను. టోలు కోసం ఫాస్టాగ్. కంపెనీ పార్కింగు స్టిక్కరు. అపార్టుమెంటు స్టిక్కరు. ఈ మూడోదే అసలైన అధికారం. అది లేకపోతే ఎమ్మెల్యే గారి తాలూకా అయినా సరే వాచ్‌మన్ గేటు తియ్యడు. లిఫ్టులో అసోసియేషన్ వారి నోటీసు: "రాజకీయ, మత సంబంధమైన స్టిక్కర్లు ఉమ్మడి ప్రదేశాల్లో అంటించరాదు." ఆ నోటీసును కూడా స్టిక్కరుగానే అంటించారు.

తలుపు తీయగానే కోడలు "రండి మావయ్య గారూ, దారి తేలిగ్గానే దొరికిందా?" అంది. "తేలిగ్గానే" అన్నాను.

ఆ పూట టిఫిను బయటే తిందామన్నాడు మేనల్లుడు. ఇక్కడి తోపుడు బండి మీద ఇడ్లీ, వడ, బోండా, దోశ అన్నీ ఉంటాయి. పెసరట్టు ఉప్మా అడిగితే మాత్రం "పెసరట్టు ఉంది, ఉప్మా విడిగా ఉంది" అంటారు. రెండింటికీ పెళ్లి చేయడం వాళ్లకి తట్టలేదు. దోశ మీద కారం, నెయ్యి పోసి, పల్లీ చట్నీలో ముంచి ఇచ్చారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, రెండోది చెప్పాను. కొండాపూర్ వైపు వెళ్తే హోటలు బోర్డులు చూడండి. గుంటూరు, భీమవరం, రాజమండ్రి, నెల్లూరు, రాయలసీమ. మా కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ కూడా వచ్చేసింది. తిండి కూడా ఇక్కడ తన తాలూకా చెప్పుకునే నిలబడుతుంది.

సాయంత్రం ఎదురు ఫ్లాటు అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్. కాజా తింటూ ఆమె చెప్పింది. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు నాయుడు గారి అరెస్టు తర్వాత ఐటీ ఉద్యోగులు గచ్చిబౌలి, విప్రో సర్కిల్ దగ్గర రోడ్డెక్కారు. ఆంధ్రా గొడవకి ఇక్కడ ధర్నాలేమిటని అప్పటి మంత్రి కేటీఆర్ అన్నారు. అక్టోబరు 14న 'లెట్స్ మెట్రో ఫర్ సీబీఎన్' అని నల్ల టీ షర్టులేసుకుని మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్లాలని పిలుపొచ్చింది. మియాపూర్ స్టేషన్ దగ్గర జనం కంటే పోలీసులే ఎక్కువున్నారని ఆమె అంది. ఆ రోజుల్లో 'బాబుతో నేను' స్టిక్కరు ఆమెకూ దొరికింది. ల్యాప్‌టాప్ కంపెనీది, దాని మీద వద్దన్నారు. స్కూటీ అన్నయ్యది, అతను వేరే పార్టీ. "అందుకని లంచ్ బాక్సు మూత లోపలివైపు అంటించుకున్నా అంకుల్. మూత తీసినప్పుడు నాకొక్కదానికే కనిపించేది" అంది. అదే అంతస్తులో ఇంకో ఇంటి ఫ్రిజ్ మీద రాజశేఖర రెడ్డి గారు నవ్వుతూ చెయ్యెత్తి ఉన్నారు. ఆ రెండిళ్లవాళ్లూ సంక్రాంతికి ఒకే కారులో, పెట్రోలు సగం సగం వేసుకుని, విజయవాడ రోడ్డు పడతారు.

ఇంట్లో పార్టీ స్టిక్కరు నాకూ కొత్త కాదు. 2023 ఏప్రిల్లో ఆంధ్రాలో "మా నమ్మకం నువ్వే జగన్" అని ఇంటింటికీ అంటించారు. మా తలుపు మీదా పడింది. అంటించేముందు ఆ కుర్రాడు "అంటించమంటారా అండీ?" అని మర్యాదగానే అడిగాడు. మా ఆవిడ "తోరణం అడ్డం రాకుండా చూడు నాయనా" అంది. అంతే మా ఇంటి రాజకీయ ప్రకటన. ఆ రోజుల్లోనే ఒక కుక్క ఆ స్టిక్కరు చింపే వీడియో ఊరూరా తిరిగింది. విజయవాడలో ప్రతిపక్షం మహిళలు కొందరు వెటకారంగా పోలీసు స్టేషనుకెళ్లి ఆ కుక్క మీదే ఫిర్యాదు ఇచ్చారు. స్టిక్కరుతో వచ్చిన చిక్కు ఇదే. అంటించడం వరకే మన చేతిలో ఉంటుంది. ఎవరు చదువుతారో, ఎవరు చింపుతారో మనకి తెలియదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో 2022 సెప్టెంబరులో 'పేసీఎం' అని, స్కాన్ చేసే గళ్ల మధ్య అప్పటి ముఖ్యమంత్రి బొమ్మైగారి ముఖం పెట్టి కాంగ్రెస్ వాళ్లు బెంగళూరు గోడలకి అంటించారు. ఆ పార్టీ పెద్ద నాయకులే స్వయంగా గోడకి అంటిస్తూ పట్టుబడ్డారు. మా చిన్నప్పుడు సున్నంలో నీలిమందు కలిపి గోడల మీద గుర్తులు రాసే పెయింటరు ఒక గుర్తుకి ఒక పూట తీసుకునేవాడు. ఇప్పుడు పూటకి ఊరంతా అంటుకుంటుంది.

మర్నాడు మేనల్లుడు సైబర్ టవర్స్ చూపిస్తానని తీసుకెళ్లాడు. హఫీజ్‌పేట్ నుంచి ఆరేడు కిలోమీటర్లు, గంట పట్టింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన ఆ గుండ్రటి భవనం, చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య పెళ్లిలో పెద్దమనిషిలా ఒద్దిగ్గా ఉంది. గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడితే చదువుకోవడానికి ముందు బండి వెనక భాగం తప్ప ఏముంటుంది? ఈ ఊళ్లో స్టిక్కర్లు ఇంత పండడానికి ట్రాఫిక్కే ఎరువు అని నా అనుమానం. కారు గుర్తు అంటించుకున్న కారు ఒకటి మా ముందే అరగంట ఉంది. కారు మీద కారు, దాని కింద వెనకద్దం మీద "నాన్న గిఫ్ట్".

నేను ఒక సంగతి అడగకుండా ఉండలేకపోయాను. "నీ ఓటెక్కడరా?" "పిఠాపురమే మావయ్యా." 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగు. ముందు రెండు రోజులు మియాపూర్‌లో బస్సులు దొరకలేదట. వాడు నిలబడి వెళ్లి ఓటేసి వచ్చాడు. మరి ఇక్కడ? హఫీజ్‌పేట్ ఉన్న శేరిలింగంపల్లి, 2023 ఎన్నికల్లో తెలంగాణలోకెల్లా ఎక్కువ ఓటర్లున్న నియోజకవర్గం. ఓటేసింది సగానికి అటూ ఇటూ. ఎన్నికల డ్యూటీ చేసినవాడిగా నాకది మింగుడు పడలేదు. పన్నెండేళ్లుగా నీళ్లు, రోడ్డు, చెత్తబండి అన్నీ ఇక్కడివి వాడుకుంటూ, తాలూకా మాత్రం అక్కడిది. ఆ మాటే అన్నాను. వాడు సిగ్నలు చూస్తూ ఊరుకున్నాడు. పచ్చలైటు పడింది.

తిరుగు రైలు రోజున స్టేషనుకి ఆటో ఎక్కాను. ఆటో వెనక మూడు పార్టీల స్టిక్కర్లు, ఒకదాని పక్కన ఒకటి, కొట్టుకోకుండా. డ్రైవరు పాత హఫీజ్‌పేట్ మనిషే. నా వయసే ఉంటుంది. ఇదేమిటి భాయ్, మూడు పార్టీలా అన్నాను.

"ఎలక్షన్లల్ల వచ్చి అంటించి పోతరు సాబ్. ఎంతో కొంత ఇస్తరు. వెనక ఏమున్నదో నేను చూడ, నడిపెటోనికి వెనక కనబడదు గదా." తర్వాత ముందద్దం మూలకి వేలు చూపించాడు. అక్కడ లోపలివైపు, ఆయనకి మాత్రమే కనబడేట్టు, రూపాయి బిళ్లంత స్టిక్కరు. దాని మీద ఒక ఆడపిల్ల పేరు. "బిడ్డ. గిది నాది."

ట్రాఫిక్‌లో ముందు ఒక బైకు ఆగింది. మళ్లీ అదే ఎర్రక్షరాలు. "ఈ తాలూకా ఏంది సాబ్? శానా మంది రాసుకుంటున్నరు" అన్నాడు. తాలూకా ఆఫీసులో పనిచేసినవాణ్ని, చెప్పకపోతే ఎలా? చెప్పాను, 1985 దాకా. ఆయన ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు. "గది మీ సర్కారు మాట సాబ్. మా ఉర్దూల తఅల్లుఖ్ అంటే రిష్తా. నీకు ఎవరితోని తఅల్లుఖ్ ఉన్నదో అది."

నలభై రెండేళ్లు రెవెన్యూలో చేసి, ఆ మాటకి అసలు అర్థం ఆటోలో తెలుసుకున్నాను. మా ఊళ్లో కొత్త మనిషి కనబడితే అరుగు మీది ముసలాయన మొదట అడిగేది అదే కదా: "ఎవరి తాలూకా బాబూ మీరు?" హఫీజ్‌పేట్‌లో నాలుగు రోజులున్నా నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. లిఫ్టులో ఎవరూ అడగలేదు, సెల్లారులో ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లు లేనిచోట బండే చెప్పుకుంటూ తిరుగుతోంది.

మీరు వెళ్తే, లింగంపల్లి దాకా వెళ్లి వెనక్కి రావడానికి సిద్ధపడి వెళ్లండి. ఎంఎంటీఎస్ 2003 నుంచి నడుస్తోంది గానీ, తొందరున్నవాళ్ల కోసం కాదు. కారం దోశ రెండు చెప్పండి. రేడియం కొట్టు కుర్రాడి దగ్గర గీకుడు బేరమాడకండి, పని నిజంగా కష్టమే. ఎవరి ఇంటికైనా దారి అడిగితే, గుర్తుగా స్టిక్కరు చెప్పనివ్వకండి. నేను ఊరు చేరిన వారానికి మేనల్లుడు ఫోను చేశాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీది గులాబీది పోయిందట, ఇప్పుడక్కడ లేడీస్ హాస్టలు ఉందట.